అప్‌పార్క్: పైనుంచి కిందికి కాలిన ఇంటిని మళ్లీ కట్టిన తీరు (కేస్ స్టడీ)

ఇంగ్లండ్ దక్షిణాన వెస్ట్ ససెక్స్‌లో, సౌత్ డౌన్స్ గుట్టల మీద అప్‌పార్క్ అనే ఇల్లుంది. 1989 ఆగస్టు 30న దాని కప్పు మీద సీసపు రేకుల మరమ్మతు జరుగుతోంది. పని చివరికొచ్చింది, పరంజా దించడమే తరువాయి. రేకును కరిగించి అతికేటప్పుడు ఆ వేడి కింద ఉన్న చెక్కకు తగిలింది. మధ్యాహ్నం మూడున్నర దాటాక పొగ కనిపించింది. అప్పటికి లోపల సందర్శకులు కూడా ఉన్నారు. రాత్రికల్లా కప్పు, పై అంతస్తు కూలి కింది గదుల్లో పడ్డాయి. ఇటుక గోడలు మాత్రం నిలిచాయి. 1995 జూన్‌లో ఆ ఇల్లు మళ్లీ జనానికి తెరిచారు. ఖర్చు సుమారు 2 కోట్ల పౌండ్లు.

పాత కట్టడాల పని చేసేవాళ్లకు ఈ కేసు చాలా నేర్పుతుంది. కాలిన ఇంటిని తిరిగి కట్టగలమా లేదా అన్నది డబ్బు కంటే ముందు రెండు విషయాలు తేలుస్తాయి. మంట ఎటునుంచి ఎటు నడిచింది? ఆరిపోయాక చేతిలో మిగిలిన ఆధారం ఎంత? అప్‌పార్క్‌లో ఈ రెండూ కలిసొచ్చాయి.

ఇంటి కట్టుబడి

1690 ప్రాంతంలో ఫోర్డ్ గ్రే అనే ప్రభువు కోసం దీన్ని కట్టారు. ఆయనే తర్వాత టాంకర్‌విల్ ఎర్ల్ అనే బిరుదు పొందాడు. నమూనా విలియం టాల్మన్‌దని చాలాకాలంగా చెబుతున్నారు. ఎర్ర ఇటుక గోడలు, మూలల్లోనూ కిటికీల చుట్టూనూ రాతి పని, నేలమాళిగ మీద రెండు అంతస్తులు, నాలుగు వైపులా వాలిన కప్పు, దక్షిణపు ముఖం మధ్యలో త్రికోణపు శిఖరం. డచ్చి దేశపు ఇళ్ల పోలిక ఉన్న ఈ రకం ఆ కాలంలో ఇంగ్లండ్‌లో బాగా నడిచింది.

1747లో మాథ్యూ ఫెదర్‌స్టన్‌హా ఇల్లు కొన్నాడు. ఈనాడు అందరూ చూడ్డానికి వచ్చే లోపలి గదులు చాలావరకు ఆయన, భార్య సారా కలిసి 1750, 60లలో చేయించినవే: తెలుపు, బంగారు రంగుల సెలూన్ (అతిథులను కలిసే పెద్ద గది), ఎర్ర డ్రాయింగ్ రూమ్, పూలతీగల గార పనితో పైకప్పులు. 1810 తర్వాత తోటల రూపశిల్పి హంఫ్రీ రెప్టన్ ఉత్తరం వైపు కొత్త ప్రవేశ మండపం చేర్చాడు. మాథ్యూ కొడుకు హ్యారీ ముసలితనంలో తన పాలకొట్టంలో పనిచేసే మేరీ ఆన్‌ను పెళ్లాడాడు. ఆమె, ఆమె తర్వాత ఆమె చెల్లెలు ఫ్రాన్సెస్, ఇంటిని దాదాపు కదపకుండా అలాగే ఉంచేశారు. 1954లో ఇల్లు, పాత కట్టడాలను కాపాడి జనానికి చూపించే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతికొచ్చేసరికి పరదాలు, గోడకాగితాలు, రంగులు అన్నీ ఎండకు వెలిసి, పాతబడి, ఒకదానికొకటి పొంది ఉన్నాయి. అప్‌పార్క్ విలువంతా ఆ వెలిసిన తీరులోనే ఉంది. ఇది గుర్తుపెట్టుకోకపోతే తర్వాత తీసుకున్న నిర్ణయాలేవీ అర్థం కావు.

ఇక బయటికి కనబడని భాగం. ఈ రకం ఇంట్లో బరువు మోసేది మందపాటి ఇటుక గోడ. గోడకూ గదికీ మధ్య మాత్రం రెండో తొడుగు ఒకటుంటుంది. గోడకు నిలువు చెక్కలు కొట్టి, వాటి మీద చెక్క పలకలో, బద్దల మీద గారో వేస్తారు. వెనక రెండు మూడు అంగుళాల బోలు మిగులుతుంది. అంతస్తు నేల కూడా అంతే: పైన పలకలు, మధ్యలో దూలాలు, కింద బద్దల మీద గార. దూలాల నడిమి చోటు గది ఈ చివరినుంచి ఆ చివరికి ఖాళీ. పొగగొట్టాల పక్కన, మెట్ల కింద, కార్నీసుల (గోడ, పైకప్పు కలిసే చోటి అలంకారపు అంచుల) వెనక కూడా బోలే. కప్పు కింది అటక అయితే ఇల్లంతా కలిసి ఒకే గది. రెండు మూడు వందల ఏళ్ల దుమ్ము, పిచ్చుక గూళ్లు, ఎండిన రంపపు పొట్టు అందులో చేరి ఉంటాయి. గది తలుపులు మూసినా మంట ఈ దారుల్లో హాయిగా తిరుగుతుంది. పైకి గోడ చెక్కుచెదరకుండా కనిపిస్తుంటే, దాని వెనక నిప్పు రెండు గదులు దాటిపోతుంది.

సీసం దగ్గర జరిగేది

సీసపు కప్పు ఎందుకు పాడవుతుందో ముందు చెప్పుకోవాలి. సీసం వేడికి బాగా సాగే లోహం. మూడు మీటర్ల రేకు 60 డిగ్రీల తేడాకు 5 మిల్లీమీటర్ల పైచిలుకు పెరుగుతుంది. చలికి తిరిగి ముడుచుకోవాలి. రేకు మరీ పొడవుగా ఉన్నా, అంచులను గట్టిగా మేకులు కొట్టి బిగించినా కదలడానికి చోటుండదు. ముడతపడుతుంది, ఆ ముడత దగ్గరే ఏళ్ల తరబడి వంగి వంగి చీలుతుంది. అందుకే బ్రిటన్‌లో చదును కప్పుకు రేకు మందాన్ని బట్టి ముక్క కొలతలకు హద్దు పెట్టారు. కోడ్ 7 రేకు, అంటే సుమారు 3.15 మిల్లీమీటర్ల మందం, చదరపు మీటరుకు 36 కిలోలకు కాస్త తక్కువ. దాని ముక్క 675 మిల్లీమీటర్ల వెడల్పు, 2,500 మిల్లీమీటర్ల పొడవు దాటకూడదు. ముక్కకూ ముక్కకూ మధ్య గుండ్రటి చెక్క గట్టు పెట్టి, రెండు రేకుల అంచులూ దాని మీద చుట్టాలి. అక్కడ అతుకు ఉండదు. ఆ చుట్టే రేకు కదలడానికి చోటిస్తుంది.

చీలిన చోట కొత్త ముక్క పెట్టి మంటతో అతకడం తేలిక పని. ప్రమాదమంతా ఆ తేలికలోనే ఉంది. సీసం 327 డిగ్రీలకు కరుగుతుంది. ఆక్సీ-ఎసిటిలీన్ మంట 3,000 డిగ్రీలు దాటుతుంది. కింద ఎండిన చెక్కకు 250, 300 డిగ్రీలు చాలు. మంట తీసేశాక పైన సీసం నిమిషాల్లో చల్లబడి మామూలుగా కనిపిస్తుంది. కింద చెక్కలో మాత్రం నిప్పు కణిక గాలి అందీ అందక గంటసేపు కూడా రాజుకుంటూ ఉండగలదు. ఎక్కడో సందులో గాలి దొరికితే ఒక్కసారిగా భగ్గుమంటుంది. పనివాడు చేతులు కడుక్కుని దిగిపోయాక నిప్పు బయటపడడం అందుకే. పైగా రేకు తడిని కిందికి పోనివ్వదు, కాబట్టి పైనుంచి కొట్టిన నీళ్లు కూడా మంటను చేరవు. ఇంటిని వాన నుంచి కాపాడే పొరే ఆ రోజు నిప్పుకు గొడుగైంది.

పైనుంచి కిందికి

అప్‌పార్క్‌లో నిప్పు కప్పులో పుట్టింది. మంటకు పైకి పాకడం సులువు, కిందికి రావడం కష్టం. దూలాలు కాలి విరిగి పడుతూ, ఒక్కో అంతస్తునూ తినుకుంటూ రావాలి. దానికి గంటలు పట్టింది. ఆ గంటల్లోనే సిబ్బంది, స్వచ్ఛంద కార్యకర్తలు, పై అంతస్తులో ఉండే పాత యజమానుల కుటుంబసభ్యులు, అగ్నిమాపక దళం వరసగా నిలబడి కింది అంతస్తు సామాన్లు చేతులు మార్చుకుంటూ పచ్చిక మీదికి చేర్చారు. పటాలు, కుర్చీలు, తివాచీలు, 18వ శతాబ్దపు పెద్ద బొమ్మరిల్లు బయటపడ్డాయి. గోడకాగితాన్ని సైతం పట్టీలు పట్టీలుగా పీకి తెచ్చారు. పై అంతస్తులో కుటుంబం ఉండే గదులు మాత్రం చాలావరకు పోయాయి.

దీని పక్కన సర్రేలోని క్లాండన్ పార్క్‌ను పెట్టి చూడండి. 1730 ప్రాంతంలో ఇటలీకి చెందిన జాకొమో లియోని నమూనాతో మొదలైన ఇల్లది. 2015 ఏప్రిల్ 29న నేలమాళిగలో, ఒక అల్మారాలో ఉన్న కరెంటు డిస్ట్రిబ్యూషన్ బోర్డు దగ్గర నిప్పు పుట్టింది. బోలు సందులూ లిఫ్టు గొట్టమూ దాన్ని పైకి లాగేశాయి. కింద పుట్టిన మంట కప్పు దాకా ఎక్కి, కప్పును కూల్చి, అన్ని అంతస్తులనూ మళ్లీ నేలమాళిగలోకే దించింది. కొన్ని వందల వస్తువులు తేగలిగారు గాని, లోపలి అలంకరణ దాదాపు అంతా పోయింది. స్పీకర్స్ పార్లర్ అనే ఒక్క గది మాత్రం గదిగా మిగిలింది. ఈ రెండు ఇళ్ల కట్టుబడిలో పెద్ద తేడా లేదు. నిప్పు పుట్టిన చోటులోనే తేడా ఉంది. పాత ఇంటికి అగ్ని భద్రత ప్రణాళిక వేసేవాళ్లు చాలామంది అటకతోనే మొదలుపెడతారు. నేలమాళిగలోని బోర్డూ, దాని పైనున్న నిలువు సందులూ ముందు చూడాలన్నది నా గట్టి అభిప్రాయం.

శిథిలాల్లోంచి ఏరడం

మంట ఆరాక చేసే మొదటి తప్పు శుభ్రం చేయడం. జేసీబీ పెట్టి రద్దంతా ఎత్తిపోస్తే రెండు రోజుల్లో నేల కనిపిస్తుంది, ఇల్లు మాత్రం శాశ్వతంగా పోతుంది. అప్‌పార్క్‌లో పురావస్తు తవ్వకం పద్ధతి పాటించారు. ఒక్కో గదినీ గళ్లుగా విభజించి, ఏ గడిలో ఏది దొరికిందో రాసుకుంటూ రద్దును డబ్బాల్లోకి ఎత్తారు. అలా నిండిన డబ్బాలు వేలల్లో ఉన్నాయి. పాలిథీన్ గుడారాల కింద ఒక్కోటీ జల్లించి ఏరారు: గార పూల ముక్కలు, తలుపు పిడులు, బీగాలు, సగం కాలిన చెక్కడాలు, షాండ్లియర్ గాజు తునకలు.

గడి నంబరు ఎందుకంత ముఖ్యం? పైకప్పు గార ఎక్కడుందో సరిగ్గా దాని కిందే పడుతుంది. బి-4 గడిలో దొరికిన ఆకు ముక్క పైకప్పులో బి-4 మీది ఆకే అయి ఉంటుంది. చేతితో చేసిన పనిలో ఏ రెండు ఆకులూ ఒకలా ఉండవు. చోటు తెలియకపోతే ఆ ముక్క అందంగా ఉన్న రాయి, అంతే. పాత ఫోటోలు, కొలతలు వేసి గీసిన బొమ్మలు ఉన్నా, ఫోటో లోతు చెప్పదు. ఆకు ఎంత ఉబ్బిందో, కింద ఎంత తొలిచారో ముక్క చేతిలో ఉంటేనే తెలుస్తుంది.

గోడలకు ఊతం ఇచ్చి, మొత్తం ఇంటి మీద పరంజాతో తాత్కాలిక కప్పు వేశారు. తర్వాత పోరు నీళ్లతో. ఆర్పడానికి కొట్టిన నీళ్లు ఇటుకలోకి పీల్చుకుపోతాయి. తడిసిన గోడ ఆరే వేగానికి మా పనిలో వాడే లెక్క నెలకు సుమారు 25 మిల్లీమీటర్లు. 600 మిల్లీమీటర్ల గోడ రెండు వైపులనుంచీ ఆరితే ఏడాది. ఒక వైపు సిమెంటు పూతో, గాలి తగలని తొడుగో ఉంటే రెండేళ్లు. తొందరపడి హీటర్లు పెడితే పైపొర ఎండి లవణాలు బయటికి పొంగుతాయి, లోపల తడి అలాగే ఉంటుంది. అంతకంటే పెద్ద భయం డ్రై రాట్ అనే బూజు. చెక్కలో తడి 20 శాతం దాటితే అది పట్టుకోగలదు, ఇటుక గోడ సందుల్లోంచి కూడా పాకిపోయి ఎండు చెక్కను వెతుక్కుంటుంది. కాబట్టి గోడలో పూడుకుపోయిన ప్రతి దూలం చివరనూ తెరిచి, తడి కొలిచి, గాలి ఆడనివ్వాలి. కొలత 18 శాతం లోపుకు దిగి అక్కడే నిలిచేదాకా దాన్ని మూయకూడదు.

ఏ రోజు నాటి ఇల్లు?

మూడు దారులు ఎదురుగా ఉన్నాయి: శిథిలంగా నిలబెట్టడం, గోడల మధ్య కొత్త ఇల్లు కట్టడం, పాతదే తిరిగి కట్టడం. ఇంగ్లండ్‌లో మూడో దారికి వ్యతిరేకత బలంగా ఉంది. 1877లో విలియం మోరిస్ తదితరులు స్థాపించిన పురాతన కట్టడాల రక్షణ సంఘం నాటినుంచీ ‘పోయినదాన్ని నకలు చేయొద్దు’ అన్న మాట అక్కడ ఈ వృత్తి మనస్సాక్షిలా నిలిచింది. అయినా నేషనల్ ట్రస్ట్ తిరిగి కట్టాలనే తేల్చింది. వీలైనంత వరకు మంటకు ముందు రోజు ఇల్లు ఎలా ఉందో అలా. బీమా సొమ్ము పునర్నిర్మాణానికి అందడం కూడా ఈ నిర్ణయానికి తోడ్పడింది.

‘ముందు రోజు’ అన్న షరతు వినడానికి మామూలుగా ఉంటుంది గాని, పని చేసేవాళ్లకు అది చాలా కఠినమైంది. 1750 నాటి మెరుపుతో చేయడం దానికంటే సులువు. వెలిసిన పరదాలు, మసకబారిన పటాల చట్రాలు బయటికి తెచ్చినవి అలాగే ఉన్నాయి. వాటిని కొత్త తెలుపు, కొత్త బంగారం పక్కన పెడితే పాత గుడ్డల్లా కనిపిస్తాయి. గది మొత్తం ఒకే వయసులో ఉండాలంటే కొత్తగా చేసిందానికే వయసు తేవాలి. నా దృష్టిలో అప్‌పార్క్‌కు ఇదే సరైన దారి: సామాన్లున్నాయి, ముక్కలున్నాయి, కొలతలున్నాయి. క్లాండన్‌లో ఇవి చాలావరకు లేవు. అక్కడ మొదట కొన్ని గదులు తిరిగి కట్టాలనుకున్న ట్రస్టే, 2022లో ఆ ఆలోచన మార్చుకుని, కాలిన గోడలను చాలావరకు అలాగే చూపించే దారి పట్టింది. అదీ సరైనదే. ఆధారం లేని చోట కట్టేది ఊహే అవుతుంది.

గార పని

పైకప్పుల దగ్గర పెద్ద ప్రశ్న వచ్చింది. అచ్చు తీసి, జిప్సంతో పోసి, ఎండిన పలకలను పైకి బిగిస్తే త్వరగా అవుతుంది. 19వ శతాబ్దం నుంచి ఇంగ్లండ్‌లో అలంకారపు గారంతా ఎక్కువగా ఆ పద్ధతే. కానీ 1750ల పని పైకప్పు మీదే, తడి మీద, చేతితో తీర్చింది. అచ్చులో పోస్తే ప్రతి పువ్వూ ఒకేలా వస్తుంది, అంచులు మొద్దుబారతాయి, కింద తొలిచిన నీడలు రావు. అందుకని చేతితోనే చేయాలని తేల్చారు. అప్పటికి ఆ పని దాదాపు మరిచిపోయిన విద్య. గార మేస్త్రీలు పాత ముక్కలను దగ్గర పెట్టుకుని, చేసి చూసి, పడగొట్టి, మళ్లీ చేసి నేర్చుకున్నారు.

ఈ పని వరస ఇలా ఉంటుంది. ముందు బద్దలు. ఓక్ లేదా చెస్ట్‌నట్ చెక్కను రంపంతో కోయకుండా నార వెంబడి చీల్చినవి మేలు. సుమారు 25 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం. బద్దకూ బద్దకూ మధ్య 8 నుంచి 10 మిల్లీమీటర్ల సందు. గారను నొక్కినప్పుడు ఆ సందులోంచి పైకి దూరి, అవతల ఉబ్బి, కొక్కెంలా పట్టుకోవాలి. సందు తగ్గితే గార దూరదు. పెరిగితే దూరిన ముద్ద బరువుకు జారిపోతుంది. పాత పైకప్పు కూలేది ఎక్కువగా ఈ కొక్కేలు విరిగే.

ఆ తర్వాత సున్నం. కాల్చిన సున్నపురాయిని నీళ్లలో చల్లార్చి, నెలల తరబడి నీటి కింద ఉంచిన ముద్ద కావాలి. మొదటి పూతకు ఒక పాలు ముద్ద, మూడు పాళ్లు గరుకు ఇసుక, అందులో మేక వెంట్రుకలు. మన గానుగ సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు చేసే సాయం వేరు. అక్కడి వెంట్రుకలు కేవలం పగుళ్లు రాకుండా పట్టి ఉంచడానికి. వెంట్రుకలను విడదీసి, వాడే రోజే కలపాలి. తడి సున్నంలో వారాల తరబడి నానితే అవి కరిగిపోతాయి. మొదటి పూత 10 మిల్లీమీటర్ల లోపు, పచ్చిగా ఉండగానే వాలుగా గీతలు గీయాలి. గోరు దిగనంత గట్టిపడ్డాకే రెండోది. చివరిది 3 మిల్లీమీటర్లు, సన్న ఇసుకతో. గదిలో ఉష్ణోగ్రత 5 డిగ్రీల కంటే దిగకూడదు, గాలి విసరకూడదు. సున్నం గట్టిపడేది ఎండి కాదు, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని. దానికి కాస్త తేమ ఉండాల్సిందే.

ఉబ్బెత్తు ఆకులు, తీగల దగ్గర సున్నం ఒక్కటే నిలవదు, జారుతుంది. కాస్త జిప్సం కలిపితే నిలుస్తుంది గాని నిమిషాల్లో గట్టిపడుతుంది. జిగురు నీళ్లు కొంచెం చేరిస్తే ఆ గడువు పెరుగుతుంది. ఎక్కువైతే గార ఎప్పటికీ పొడిపొడిగానే ఉంటుంది. బయటికి సాచిన గార తీగ లోపల లోహపు తీగో, చీల చెక్కో ఉండాలి. ఇనుప మేకు పెడితే తుప్పు పట్టి, ఉబ్బి, నలభై యాభై ఏళ్లకు ఆకునే పగలగొడుతుంది. పాత ముక్కల్లో పగులు ఎక్కడ మొదలైందో చూస్తే చాలాసార్లు లోపల తుప్పు మరక కనబడుతుంది.

చెక్క, కాగితం, రంగు

చెక్కడాల్లో కాలని భాగాన్ని కదపకుండా, పోయినంత వరకే కొత్త చెక్క అతికారు. బొగ్గైన పొరను గీకి, గట్టి చెక్క తగిలాక అక్కడ వాలు కోతతో అతుకు వేస్తారు. నార దిశ పాతదాంతో కలవాలి, లేకపోతే తేమకు రెండూ వేర్వేరుగా కదిలి అతుకు విచ్చుతుంది.

ఎర్ర డ్రాయింగ్ రూమ్ కాగితం సంగతి చూడండి. గోడలనుంచి పీకి తెచ్చిన పట్టీలున్నాయి, కొన్నిచోట్ల ఏమీ లేదు. కొత్తగా ముద్రించిన కాగితాన్ని పాత పట్టీల పక్కన పెట్టి, ఆ పక్కనున్న ముక్క ఎంత వెలిసిందో అంత వరకు రంగు దించారు. కిటికీ ఎదురు గోడ ఎక్కువ వెలుస్తుంది, పటం వెనక చోటు తక్కువ. కాబట్టి ఒకే రంగు కలిపి గోడంతా పూస్తే ఎవరి కంటికైనా అబద్ధం తెలిసిపోతుంది.

కప్పు మీద ఇప్పుడు పాటించాల్సినవి

సీసాన్ని కప్పు మీద అతకకుండా చేయడమే మొదటి జాగ్రత్త. చెక్క సుత్తితో చల్లగానే కొట్టి మలిచే పద్ధతి ఉంది, మూలలను చాలావరకు అలాగే తీర్చవచ్చు. అతుకు తప్పనిసరైతే ముక్కను నేల మీద, షెడ్డులో అతికి పైకి తేవాలి. అదీ కుదరకపోతేనే హాట్ వర్క్ పర్మిట్, అంటే మంటతో పని చేయడానికి రాతపూర్వక అనుమతి. పర్మిట్ అంటే సంతకం పెట్టిన కాగితం ఒక్కటే కాదు. మంట పని మధ్యాహ్నానికల్లా ఆపాలి. ఆపాక కనీసం గంటసేపు ఒక మనిషి అటకలోనూ, ఒక మనిషి కప్పు మీదా కాపలా ఉండాలి. పొగ పసిగట్టే పరికరాలను దుమ్ముకు మోగుతున్నాయని ఆపేసి ఉంటే, పని ఆగిన మరుక్షణం తిరిగి ఆన్ చేయాలి. థర్మల్ కెమెరాతో రేకు కింది చెక్కను అటకలోంచి చూడాలి, పైనుంచి సీసాన్ని చూస్తే ఏమీ తెలియదు.

మన దగ్గరా 2022 జనవరిలో సికింద్రాబాద్ క్లబ్ పాత భవనం కాలిపోయింది. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో బ్రిటిషు కాలపు బంగ్లాలు, క్లబ్బులు, పాత కాలేజీలు ఇంకా ఉన్నాయి. చెక్క కప్పు, గుడ్డో పలకలో కొట్టిన ఫాల్స్ సీలింగ్, దాని పైన పాత వైరింగ్ ఉన్న చోట పైన చెప్పిన బోలు కథే నడుస్తుంది. అలాంటి భవనం బాధ్యత చూసేవాళ్లు చేయగలిగినవి ఖరీదైనవేమీ కావు. అటకను రెండు మూడు భాగాలుగా జిప్సం బోర్డుతో అడ్డం కట్టించండి, వైర్లు దూరే కంతలను మంటకు ఆగే ముద్దతో పూడ్పించండి. ప్రతి గది పైకప్పునూ, నాలుగు గోడలనూ పక్కన కొలబద్ద పెట్టి ఫోటో తీయించి, ఒక కాపీ వేరే భవనంలో ఉంచండి. ముందుగా బయటికి తేవాల్సిన వస్తువుల జాబితా గది వారీగా, వస్తువు ఫోటోతో, ఒక్కోదానికి ఎంతమంది మనుషులు కావాలో, గోడనుంచి విప్పడానికి ఏ స్క్రూడ్రైవర్ కావాలో రాసి, గేటు దగ్గర కాపలా గదిలో ఒకటి, దగ్గర్లోని ఫైర్ స్టేషన్‌లో ఒకటి పెట్టండి.